గ్యాస్ ట్యాంకర్ సేఫ్టీ వాల్వ్: లోడింగ్ బే నుంచి రోడ్డు దాకా ఏం చూడాలి, ఏం చేయకూడదు

చెన్నై ఉత్తరాన మణలి, ఎన్నూర్, అత్తిపట్టు వైపు లోడింగ్‌కు క్యూ కట్టే గ్యాస్ బుల్లెట్ ట్యాంకర్ల దగ్గర నిలబడితే తెలుగు మాట వినబడకుండా ఉండదు. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి వచ్చిన డ్రైవర్లు, క్లీనర్లు, మాధవరం వైపు ఒకటి రెండు బండ్లతో నెట్టుకొస్తున్న చిన్న ఓనర్లు కనిపిస్తారు. ఈ వ్యాసం వాళ్ల కోసమూ, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో సేఫ్టీ పని చూసే కుర్రాళ్ల కోసమూ రాస్తున్నాను.

ఎండాకాలం వచ్చిందంటే వాళ్లలో సగం మంది నోట ఒక మాట వినిపిస్తుంది: "ఎండకి సేఫ్టీ కూస్తది సార్, మామూలే." మామూలు కాదు. సరిగ్గా నింపిన ఎల్పీజీ ట్యాంకర్ మీద, సరిగ్గా ఉన్న సేఫ్టీ వాల్వ్ (లోపలి పీడనం హద్దు మించితే తెరుచుకుని గ్యాస్ వదిలేది), చెన్నై ఎండకి లేవకూడదు, అంటే తెరుచుకోకూడదు. లేచిందంటే ఎక్కడో ఏదో తప్పు జరిగింది. ఇది కుక్కర్ విజిల్‌లాంటిది కాదు, కుక్కర్ మూత మీద ఉండే చిన్న సేఫ్టీ ప్లగ్ లాంటిది. విజిల్ రోజూ వస్తుంది. ప్లగ్ ఊడిందంటే మాత్రం వంట ఆపి, కుక్కర్‌కి ఏమైందో చూస్తాం.

ఎందుకు లేవకూడదో లెక్క చూడండి. మన దేశంలో ఎల్పీజీకి ఐఎస్ 4576 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వంటగ్యాస్ పీడనం 40 డిగ్రీల దగ్గర 1050 కిలోపాస్కల్‌లు దాటకూడదు. అంటే మనవాళ్లు చెప్పుకునే లెక్కలో చదరపు సెంటీమీటరుకు సుమారు 10.7 కేజీలు. ట్యాంకు డిజైన్ ప్రెషర్ (ఎంత పీడనానికి తట్టుకునేలా కట్టారో ఆ అంకె) 14.5 కేజీలు అనుకుందాం, మధ్యలో ఎంత తేడా ఉందో చూడండి. 2003 మే నెలాఖరులో నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది, చెన్నై వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఎండ అది. ఆ ఎండ పూటా ట్యాంకులో ఉన్న 18 టన్నుల ద్రవం గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కదు. కాబట్టి వాల్వ్ లేస్తే ఎండను తిట్టుకోకుండా ఈ నాలుగింటిలో కారణం వెతకండి: ఎక్కువ నింపారా, వాల్వ్ స్ప్రింగో, సీటో (వాల్వ్ మూత వచ్చి కూర్చునే చోటు) పాడైందా, ఈ ట్యాంకుకు తగని వాల్వో తగని గ్యాసో ఎక్కిందా, పక్కన ఎక్కడైనా మంట ఉందా.

మొదటి పని: ప్లేట్ చదవడం

ట్యాంకు మీద ఒక నేమ్‌ప్లేట్ ఉంటుంది. రంగు వేసేటప్పుడు దాని మీద కూడా పూసేస్తారు. అలా ఉంటే ముందు ఆ రంగు గోకించండి, ప్లేట్ మీద అంకెలు అరిగిపోకుండా. డిజైన్ ప్రెషర్, నీటి కెపాసిటీ, తయారైన సంవత్సరం, పరీక్ష తేదీలు అక్కడ చూడాలి. తర్వాత సేఫ్టీ వాల్వ్ మీద కొట్టిన అంకెలు చూడాలి: సెట్ ప్రెషర్ (వాల్వ్ తెరుచుకోవడం మొదలయ్యే పీడనం), సీరియల్ నంబర్, తయారైన సంవత్సరం, ఎంత గ్యాస్ వదలగలదో చెప్పే సామర్థ్యం.

ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెషర్ వెసెల్స్ (అన్‌ఫైర్డ్) రూల్స్, 2016 అనే కేంద్ర నిబంధనలు గ్యాస్ ట్యాంకర్లకు వర్తిస్తాయి. 1981 నాటి పాత రూల్స్ స్థానంలో ఇవి వచ్చాయి. వీటి ప్రకారం వాల్వ్ తెరుచుకోవడం మొదలయ్యే పీడనం డిజైన్ ప్రెషర్‌లో 110 శాతం దాటకూడదు. అన్ని వాల్వులూ పూర్తిగా తెరుచుకున్నప్పుడు లోపలి పీడనం 120 శాతం దాటకుండా ఆపగలగాలి. ప్లేట్ మీద 14.5 అని ఉంటే, మొదటిది 15.95, రెండోది 17.4. వాల్వ్ మీద కొట్టిన సెట్ ప్రెషర్ 15.95 కంటే ఎక్కువ ఉంటే ఆ వాల్వ్ ఆ ట్యాంకుది కాదు. ఎవరో పాత స్టాకులోంచి తెచ్చి బిగించారన్నమాట.

వాల్వ్ స్ప్రింగ్‌తో పనిచేసేదే అయి ఉండాలి. బరువు వేలాడదీసే రకం వాల్వులు పనికిరావు. వాల్వ్ ట్యాంకు పైభాగంలో, ఆవిరి ఉండే చోటుకు నేరుగా కలిసి ఉండాలి. మధ్యలో మూసేసే కాక్ గానీ గేట్ వాల్వ్ గానీ పెట్టకూడదు. "మెయింటెనెన్స్‌కి సులువు" అంటూ ఏ మెకానిక్కయినా మధ్యలో ఒక వాల్వ్ వేయించాలని చూస్తే, వినొద్దు. ఎవరో ఒకరు దాన్ని మూసేసి మర్చిపోతే, పైన సేఫ్టీ ఉన్నా లేనట్టే.

ప్రొపేన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. వంటగ్యాస్‌లో బ్యూటేన్ కలిసి ఉంటుంది కాబట్టి పీడనం కాస్త తక్కువ. అదే ట్యాంకులో ఉత్త ప్రొపేన్ ఎక్కిస్తే 45 డిగ్రీల దగ్గరే పీడనం 14 కేజీలు దాటుతుంది. ట్యాంకు ఏ గ్యాస్‌కు ఆమోదం పొందిందో చూడకుండా లోడ్ ఒప్పుకోకండి. కిరాయి ఎంత ఎక్కువ ఇస్తామన్నా సరే.

కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. గ్యాస్ రవాణాకు పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే ఎల్‌ఎస్-2 ఫారం లైసెన్సు, ఆర్టీవో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), డ్రైవర్ లైసెన్సు మీద ప్రమాదకర సరుకుకు ఎండార్స్‌మెంట్, ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు), బండి మీద ఎమర్జెన్సీ ప్యానెల్ (ఎల్పీజీకి యూఎన్ నంబర్ 1075), ఇవన్నీ ఎలాగూ గేటు దగ్గర అడుగుతారు. పెసో ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది, దక్షిణ మండల కార్యాలయం చెన్నైలోనే ఉంది.

వాల్వ్‌కు సంబంధించినవి రెండే. ఒకటి, సేఫ్టీ వాల్వ్‌ను ఏడాదికోసారైనా గుర్తింపు పొందిన కాంపిటెంట్ పర్సన్ పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్. రెండు, ట్యాంకుకు 5 ఏళ్లకోసారి జరిగే హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి పీడనం పెట్టి చూసే పరీక్ష) రిపోర్టు. అమ్మోనియా, క్లోరిన్ లాంటి విషవాయువులకైతే హైడ్రో టెస్ట్ 2 ఏళ్లకోసారి. సర్టిఫికెట్ మీద ఉన్న సీరియల్ నంబర్, వాల్వ్ మీద కొట్టిన నంబర్ ఒక్కటేనా అని మీ కళ్లతో చూడండి. బండి వర్క్‌షాప్‌లో ఉండగా ఈ వాల్వ్ తీసి ఆ బండికి, ఆ వాల్వ్ తీసి ఈ బండికి వేసేయడం జరిగే పనే. కాగితం సరైనదే, వాల్వ్ వేరేది. ఆడిట్‌లో నేను మొదట చూసేది ఇదే.

పైకెక్కి చూడటం

ఇంజిన్ ఆపి, ఫోన్ కింద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని ఎక్కండి. వాల్వ్ నోటి మీదకి ముఖం పెట్టి తొంగిచూడకండి. చూస్తున్న క్షణంలోనే అది లేస్తే కళ్లు పోతాయి. పక్కన నిలబడి, చిన్న అద్దం, ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చ్ పెట్టి లోపలికి చూడాలి.

ట్యాంకర్ల మీద ఎక్కువగా వాడేది స్ప్రింగ్ ట్యాంకు లోపలివైపు ఉండే రకం. బండి బోల్తా పడినా విరిగిపోకుండా వాల్వ్ పైకి ఎక్కువ పొడుచుకు రాదు. దానివల్ల ఒక చిక్కుంది. పైన చిన్న గుంటలా ఉంటుంది కాబట్టి నీళ్లు నిలుస్తాయి. ఐప్పసి, కార్తిగై అనే తమిళ నెలల్లో (అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా) ఈశాన్య రుతుపవనాల వాన చెన్నైలో ఎలా కొడుతుందో తెలిసిందే. దానికి ఎన్నూర్ ఉప్పుగాలి తోడవుతుంది. పైన రబ్బరు టోపీ లేకపోతే ఒక్క వానాకాలంలోనే లోపల తుప్పు పొర కడుతుంది. నీరు జారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. సన్న తీగతో జాగ్రత్తగా శుభ్రం చేయించండి, డ్రిల్ మిషన్‌తో కాదు.

టోపీ సంగతి కూడా చెప్పాలి. అది వదులుగా కూర్చోవాలి, గ్యాస్ వస్తే ఎగిరిపోవాలి. టోపీ పోయిందని ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టి వైరుతో బిగించి కట్టిన బండ్లు ఉన్నాయి. పాలిథీన్ కవరు చుట్టి ఎం-సీల్ పూసినవీ ఉన్నాయి. ఇవి చేసినవాడికి చెడు ఉద్దేశం ఉండదు, వాన నీళ్లు పోకూడదనే చేస్తాడు. కానీ వాల్వ్ నోరు కట్టేసినట్టే. నెలల తరబడి షెడ్డులో నిలబడిన బండి అయితే నోట్లో మట్టి కందిరీగల గూడు ఉండొచ్చు. ఎండిన బంకమట్టి ముద్ద, వేలితో నొక్కినా విరగదు. అలాంటిది కనిపిస్తే గీకి శుభ్రం చేసి పంపేయకండి. గీకిన మట్టి సీటు మీద పడి, ఒకసారి లేచిన వాల్వ్ మళ్లీ సరిగ్గా కూర్చోదు. వాల్వ్ విప్పించి పరీక్షకు పంపండి.

ఇంకా చూడాల్సినవి: సెట్ ప్రెషర్ ఎవరూ మార్చకుండా వేసిన సీల్ తెగిందా, స్ప్రింగ్ మీద తుప్పు ఉందా, నోటి చుట్టూ జిడ్డు మరకలు ఉన్నాయా (చిన్నగా కారుతోందని అర్థం), వాల్వ్ లోపలికి రంగు పడిందా. రబ్బరు సీటు వయసుతోపాటు గట్టిపడుతుంది. పేరున్న తయారీదారులు 10 ఏళ్లు దాటిన వాల్వ్‌ను మార్చేయమంటారు. పరీక్షలో పాసైందన్నా సరే, మార్చేయడమే నా సలహా. బండి ఒక్కరోజు లోడింగ్ బయట నిలబడితే పోయే డబ్బుతో పోలిస్తే వాల్వ్ ఖర్చు పెద్దదేం కాదు.

సెట్ ప్రెషర్ మార్చడానికి స్ప్రింగ్ బిగించడం, వదులు చేయడం మీ పని కాదు, మీ మెకానిక్ పని కూడా కాదు. సీల్ తెగిన వాల్వ్‌ను నమ్మకండి.

లోడింగ్: అసలు ప్రమాదం పుట్టే చోటు

వాల్వ్ గురించి ఎంత మాట్లాడినా, అది లేవడానికి కారణం చాలాసార్లు లోడింగ్ బేలోనే ఉంటుంది. ద్రవ ఎల్పీజీ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. ప్రొపేన్ అయితే ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 శాతం. అందుకే ట్యాంకును పూర్తిగా నింపరు, 85 శాతం దగ్గర ఆపేస్తారు. పైన 15 శాతం ఖాళీ ఉంటే రోడ్డు మీద ఎదురయ్యే ఎండకి అది నిండిపోదు.

95 శాతం నింపారనుకోండి. ద్రవం అప్పుడు 30 డిగ్రీలు ఉందనుకుంటే, ఇంకో 17, 18 డిగ్రీలు వేడెక్కితే ట్యాంకు మొత్తం ద్రవంతో నిండిపోతుంది. ఆ తర్వాత ఆవిరి పీడనం లెక్క పనికిరాదు. సాగడానికి చోటులేని ద్రవం ఇనుమును తోస్తుంది, ఒక్కో డిగ్రీకి పీడనం కేజీల కొద్దీ ఎగబాకుతుంది. వాల్వ్ లేస్తుంది, కానీ ఆవిరికి బదులు ద్రవం బయటికొస్తుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అది గాలి కన్నా బరువు. నేల పట్టుకుని పాకి కాలువల్లోకి, పల్లపు వీధుల్లోకి పోతుంది. మణలి చుట్టూ పల్లాలకు, కాలువలకు కొరత లేదు.

1978 జూలై 11న స్పెయిన్‌లో లాస్ అల్ఫాకెస్ అనే చోట సముద్రపు ఒడ్డు క్యాంప్‌సైట్ పక్కన ప్రొపిలీన్ ట్యాంకర్ పేలి 217 మంది చనిపోయారు. పరిమితి మించి నింపారు, ట్యాంకుకు సేఫ్టీ వాల్వే లేదు. గ్యాస్ ట్యాంకర్ల నిబంధనల గురించి ఎక్కడ చర్చ జరిగినా దీని పేరు రాకుండా ఉండదు.

కాబట్టి లోడింగ్ దగ్గర ఈ వరస తప్పకండి.

లోడింగ్‌కు ముందు ఖాళీ బండిని కాటా వేయించండి. గతసారి దించిన చోట పూర్తిగా ఖాళీ చేయకపోతే అడుగున గ్యాస్ మిగిలి ఉంటుంది. ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువు నమ్మి, దాని మీద పూర్తి లోడ్ ఎక్కిస్తే మిగిలినదంతా అదనం అవుతుంది.

ఎంత పట్టాలో మీరే ఒకసారి లెక్క వేసుకోండి. నీటి కెపాసిటీ 40 క్యూబిక్ మీటర్లు అనుకుంటే 85 శాతం అంటే 34. ఆరోజు లోడ్ చేసే ద్రవం సాంద్రత 0.53 అనుకుంటే 18.02 టన్నులు. ప్లాంటు వాళ్లు ఇచ్చే సాంద్రత రోజూ ఒకేలా ఉండదు కాబట్టి నిన్నటి అంకె పట్టుకుని ఈరోజు వాదించకండి. ఆమోదించిన బరువు ఇంతకన్నా తక్కువ అని లైసెన్సులో ఉంటే లైసెన్సు మాటే లెక్క.

నింపుతున్నంతసేపూ రోటో గేజ్ (ద్రవం ఎంత నిండిందో చూపేది) చూస్తూ ఉండాలి. దాని చక్రం నెమ్మదిగా తిప్పితే చిన్న రంధ్రం నుంచి సన్నటి ఆవిరి వస్తుంది. లోపలి గొట్టం కొన ద్రవాన్ని తాకిన చోట ఆ ఆవిరి చిక్కటి తెల్ల తుంపరగా మారుతుంది. అక్కడ డయల్ మీద ఉన్న అంకే నిండిన శాతం. తుంపర చేతి మీద పడితే చర్మం కాలినట్టవుతుంది, గ్లవ్స్ తప్పనిసరి. గేజ్ 85 చూపిస్తే మీటర్ ఎంత చూపించినా ఆపేయండి. ఆపరేటర్‌తో గొడవ అవుతుందని టెన్షన్ పడకండి. "ఏం కాదన్నా, ఇంకో క్వింటా పడుతుంది" అనేవాడు మీ బండి వెంట రోడ్డు మీదకు రాడు.

నిండిన తర్వాత మళ్లీ కాటా. ఎక్కువ ఉంటే దించించండి, ప్లాంటు లోపలే. గేటు దాటాక దారిలో వాల్వ్ తెరిచి "కాస్త వదిలేద్దాం" అనుకోవడం నేరం, అంతకన్నా ఎక్కువగా ఆత్మహత్య.

రోడ్డు మీద

బండి ఆపాల్సి వస్తే జనం లేని, ఖాళీగా ఉన్న చోటు చూసుకోండి. రోడ్డు పక్కన, హోటల్ పొయ్యి పక్కన, వెల్డింగ్ షాపు పక్కన వద్దు. తడ వైపు వెళ్లే హైవేలో తినడానికి ఆగే చోట్లు చాలావరకు ఈ లెక్కకి సరిపోవు, ముందే రెండు మూడు చోట్లు ఖాయం చేసుకోండి. బయలుదేరేటప్పుడు ప్రెషర్ గేజ్ అంకె రాసుకుని, ఆగిన ప్రతిచోటా చూడండి. నెమ్మదిగా పెరగడం మామూలే. ఒక్కసారిగా ఎక్కితే మామూలు కాదు.

సేఫ్టీ వాల్వ్ అన్నింటికీ మందు కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2024 డిసెంబర్ 20న జైపూర్‌లో యూ టర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. పీడనం పెరగడం వల్ల కాదు, గుద్దుడుకు నాజిల్స్ దెబ్బతినడం వల్ల గ్యాస్ బయటికొచ్చి అంటుకుంది. దాదాపు 20 మంది చనిపోయారు. అలాంటప్పుడు పనికొచ్చేవి కింద ఉండే ఎక్సెస్ ఫ్లో చెక్ వాల్వ్ (గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే తనంతట మూసుకునేది), లోపలి వాల్వులు. అవి పనిచేస్తున్నాయో లేదో చూడటం మరో పెద్ద పని.

వాల్వ్ లేచింది, ఇప్పుడేం చేయాలి?

మంట లేదు, పైన బుస్సుమని గ్యాస్ వస్తోంది అనుకుందాం. ఊరి మధ్యలో ఉంటే, అడ్డం లేకుండా ముందున్న ఖాళీ చోటికి వెళ్లగలిగితే వెళ్లండి. లేదంటే అక్కడే ఆపండి. ఇంజిన్ ఆపండి, బ్యాటరీ కటాఫ్ స్విచ్ తీసేయండి. గాలి వీచే దిక్కుకు ఎదురుగా, బండికి దూరంగా నడవండి. ఫోన్ అక్కడికి వెళ్లాక తీయండి. 112కో 101కో చెప్పండి, గ్యాస్ లీక్‌కు 1906 ఉంది. తర్వాత కంపెనీకి, ఓనర్‌కి. పోలీస్ స్టేషన్‌కు తెలియజేయడం మోటారు వాహన నిబంధనల ప్రకారం డ్రైవర్ బాధ్యత.

వాల్వ్‌ను మూయడానికి ప్రయత్నించకండి. సుత్తితో కొట్టకండి, గోనె సంచి కప్పకండి, నోట్లో చెక్క దిగ్గొట్టకండి. అది బయటికి వదులుతున్నదే ట్యాంకును కాపాడుతోంది. ఫైర్ వాళ్లు వచ్చి నీళ్లు కొడితే ట్యాంకు ఒళ్లంతా తడపాలి, వాల్వ్ నోటి మీద మాత్రం కొట్టకూడదు. చల్లటి గ్యాస్ తగిలి అక్కడ నీరు మంచు గడ్డకట్టి వాల్వ్ మూసుకుపోవచ్చు.

వాల్వ్ నోటి దగ్గర మంట అంటుకుంటే, గ్యాస్‌ను ఆపే దారి లేకుండా ఆ మంట ఆర్పకూడదు. ఆర్పితే గ్యాస్ పోగై, ఇంకోచోట నిప్పు తగిలి మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. మండనివ్వాలి, ట్యాంకును చల్లబరుస్తూ ఉండాలి. ఇక్కడ ఒక విషయం తెలియకే చాలామంది పోయారు: వాల్వ్ తెరుచుకుని ఉన్నా ట్యాంకు పేలవచ్చు. ద్రవం ఉన్న చోట ఇనుము వేడిని ద్రవం లాగేసుకుంటుంది. పైన ఆవిరి ఉన్న చోట లాగేసుకోవడానికి ఏమీ లేదు. మంట అక్కడ తగిలితే ఇనుము మెత్తబడి, మామూలు పీడనానికే చీలిపోతుంది. వాల్వ్ శబ్దం పెరుగుతూ ఉంటే, ట్యాంకు రంగు మారుతుంటే ఇక ఎవరూ అక్కడ ఉండకూడదు, ఫైర్ వాళ్లతో సహా. మంటల్లో ఉన్న ట్యాంకర్ నుంచి అన్ని వైపులా 1600 మీటర్ల దూరం జనాన్ని తరలించాలని అంతర్జాతీయంగా వాడే అత్యవసర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బోల్తా పడితే లెక్క మారిపోతుంది. పైన ఉండాల్సిన వాల్వ్ పక్కకు వచ్చి ద్రవంలో మునుగుతుంది. ఇప్పుడు లేస్తే ద్రవమే చిమ్ముతుంది. అటువైపు ఎవరూ నిలబడకూడదు. 2025 జనవరి 3న కోయంబత్తూర్ అవినాశి రోడ్ ఫ్లైఓవర్ మీద 18 టన్నుల ట్యాంకర్ పడిపోయినప్పుడు దగ్గరి స్కూళ్లకు సెలవిచ్చి, నీళ్లు కొడుతూ క్రేన్‌లతో లేపి ప్రాణనష్టం లేకుండా గట్టెక్కారు. క్రేన్ వచ్చేదాకా క్లీనర్ పైకెక్కి "లీక్ ఎక్కడుందో చూస్తా" అనడం ధైర్యం అనిపించుకోదు.

అమ్మోనియా బండి అయితే మంట కన్నా ముందు ఊపిరి సంగతి చూడాలి. 2023 డిసెంబర్ 26 రాత్రి ఎన్నూర్‌లో సముద్రం అడుగున పైపు నుంచి అమ్మోనియా లీకైనప్పుడు పెరియకుప్పం జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. ట్యాంకర్ వాల్వ్ నుంచి వచ్చినా అదే గ్యాస్. గాలికి అడ్డంగా తప్పుకోండి, దగ్గర్లో ఉన్నవాళ్లను తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని కదలమనండి. అమ్మోనియా బండికి ఇత్తడి, రాగి భాగాలున్న వాల్వ్ పనికిరాదు, తినేస్తుంది. ఎన్నూర్ టెర్మినల్ నుంచి వెళ్లే ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) బండ్లది వేరే తంతు. లోపల మైనస్ 162 డిగ్రీల ద్రవం ఎంత కాపాడినా కొద్దికొద్దిగా వేడెక్కుతూనే ఉంటుంది, కాబట్టి బండిని ఎన్ని గంటలు ఆపి ఉంచొచ్చో ముందే లెక్క ఉండాలి.

లేచిన తర్వాత

వాల్వ్ ఒకసారి లేచి కూర్చుందంటే "సెట్ అయిపోయింది" అని బండి తోలకండి. సీటు మీద చిన్న తుప్పు రవ్వ ఇరుక్కున్నా సన్నగా కారుతూనే ఉంటుంది, తర్వాతిసారి తక్కువ పీడనానికే లేస్తుంది. బండిని కంపెనీ వాళ్ల సమక్షంలో ఖాళీ చేయించి, వాల్వ్ విప్పించి, బెంచ్ మీద పరీక్ష చేయించాలి. ఎంత పీడనానికి లేచింది, ఎంతకు కూర్చుంది అన్న రెండు అంకెలూ సర్టిఫికెట్‌లో ఉండాలి. ఒక్క "ఓకే" ముద్ర ఉంటే వెనక్కి పంపండి.

రిజిస్టర్‌లో రాయాల్సినవి: తేదీ, సమయం, చోటు, గేజ్ మీద చివరిసారి చూసిన పీడనం, లోడ్ బరువు, రోటో గేజ్ శాతం, ఏ ప్లాంటులో నింపారు, ఖాళీ కాటా ఎంత వచ్చింది. ఈ వివరాలు పక్కపక్కన పెడితే కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. ఎక్కువ నింపినట్టు తేలితే ఆ లోడింగ్ బేకి ఉత్తరం రాయండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. వాల్వ్‌దే తప్పని తేలితే, అదే ఏడాది తయారైన వాల్వులు మీ మిగతా బండ్ల మీద ఎన్ని ఉన్నాయో అదే రోజు లిస్టు తీసి, వాటినీ బెంచ్‌కి పంపండి.